కుస్తీ వాళ్ల పుస్తకాలు మనకెందుకంటారా?

ప్రతి నెలా రెండో ఆదివారం కరీంనగర్‌లోని మా ఆఫీసులో కలిసి పుస్తకం చదువుకునే అలవాటు చాలా ఏళ్లుగా ఉంది. బీడీలు చుట్టే అక్కలు, అంగన్‌వాడీ టీచర్లు, డిగ్రీ చదివే అమ్మాయిలు, స్వచ్ఛంద సంస్థల్లో పనిచేసే ఇద్దరు ముగ్గురు వస్తారు. నిర్మల్, మంచిర్యాల వైపు వాళ్లు పొద్దున్నే బస్సెక్కి రావాలి, అందుకని పదకొండు గంటలకు గాని మొదలుపెట్టం. మొన్నటి సమావేశానికి నేను పట్టుకొచ్చిన పుస్తకాలు చూసి, పాతికేళ్లుగా నాతో కలిసి పనిచేస్తున్న మిత్రురాలికి కోపం వచ్చింది. అవి కుస్తీ పట్టే ఆడవాళ్లు రాసుకున్న ఆత్మకథలు. అందులో ఎక్కువభాగం టీవీలో వేషాలు కట్టి కొట్టుకునే అమెరికా కుస్తీవాళ్లవి.

"మనకు చదువవలసినవి అన్నీ అయిపోయినయా? కార్పొరేట్ తమాషా కోసం ఒళ్లు అమ్ముకున్నోళ్ల కథలు మనోళ్లకెందుకు?" అన్నది.

కాసేపు ఎవరూ మాట్లాడలేదు. ఒళ్లు అమ్ముకోవడం అనే మాట మన సంఘం గదిలో, మన నోటి నుంచే ఇంత తేలిగ్గా రావడం నాకు బాధ కలిగించింది. గోదావరిఖనిలో బొగ్గుబావిలోకి దిగేవాడు ఏం అమ్ముకుంటున్నాడు? చాట ఒళ్లో పెట్టుకుని పొద్దున్నుంచి రాత్రి దాకా వంగి కూర్చునే కోరుట్ల, మెట్‌పల్లి అక్కల నడుములు, వేళ్లు, ఊపిరితిత్తులు ఎవరి లాభం కోసం అరిగిపోతున్నాయి? మగవాడు కండ చూపించి సంపాదిస్తే దాన్ని శ్రమ అంటాం, ఆడది సంపాదిస్తే ఒళ్లు అమ్ముకున్నదంటాం. ఈ లెక్క మనకు ఎవరు నేర్పారో వేరే చెప్పాలా?

ఆ రోజు నేను సరిగా జవాబు చెప్పలేకపోయాను. ఇప్పుడు రాస్తున్నాను. మిత్రురాలితో మాట్లాడే రాస్తున్నాను. ఆ అభిప్రాయం ఆమె ఒక్కదానిదే కాదు కనుక ఆమె పేరుతో పని లేదు.

ఈ పుస్తకాలు నాకు చేరిన తీరు ముందు చెప్పాలి. కేబుల్ టీవీ మా జిల్లాకు వచ్చిన కొత్తలో మా తమ్ముని కొడుకు పొద్దుమాపు ఆ కుస్తీయే చూసేవాడు. ఎత్తు, బరువు, ఛాతీ కొలత, ర్యాంకు అచ్చేసిన ట్రంప్ కార్డులు జేబు నిండా ఉండేవి. నేను పోయినప్పుడల్లా టీవీ కట్టేసి హింస గురించి ఉపన్యాసం ఇచ్చేదాన్ని. వాడిప్పుడు హైదరాబాద్‌లో ఉద్యోగం చేస్తున్నాడు. 2023 సెప్టెంబర్ 8న ఆ కంపెనీ గచ్చిబౌలి స్టేడియంలో ఆట పెడితే టికెట్ కొనుక్కుని పోయివచ్చాడు. తర్వాత ఒక పండక్కి ఇంటికొచ్చి మూడు పుస్తకాలు నా ముందు పెట్టాడు. "అత్తమ్మా, అప్పుడు టీవీ బందు చేసేటిదానివి గదా, ఇవి చదువు. ఇవి నీ సంఘం ముచ్చట్లే" అన్నాడు. ఒకటి 2001లో వచ్చిన చైనా అనే ఆమె పుస్తకం. ఇంకోటి 2002లో వచ్చిన ఫ్యాబులస్ మూలాది. మూడోది 2017లో వచ్చిన ఏజే లీది. నాలుగోది, 2024లో వచ్చిన సాక్షి మాలిక్ ఆత్మకథ, నేనే కొనుక్కున్నాను. సాక్షిది వినోదపు కుస్తీ కాదు, ఒలింపిక్ కుస్తీ. ఆ తేడా నాకు తెలుసు. తెలిసే పక్కపక్కన పెట్టి చదివాను.

మిత్రురాలి రెండో అభ్యంతరం, అదంతా ఉత్తుత్తి కొట్లాట కదా అన్నది. నిజమే, ఎవరు గెలవాలో ముందే నిర్ణయం అయిపోతుంది. మన చిందు యక్షగానంలో కీచకుడు చస్తాడని చూసేవాళ్లకు ముందు తెలియదా? నిజామాబాద్ జిల్లా చిందుల ఎల్లమ్మ మగవేషం కట్టి ఆడితే అది ఉత్తుత్తి అని ఎవరైనా లేచి పోయారా? కథ ముందే తెలిసినంత మాత్రాన చెక్కబల్ల మీద పడిన నడుముకు నొప్పి తగ్గదు. వాళ్ల వృత్తిలో ఒక మాట ఉంది, కేఫేబ్ అంటారు. గెలుపోటములు ముందే కుదుర్చుకున్నవన్న సంగతి బయటకు పొక్కనీయకపోవడం, వీధిలో, హోటల్లో, ప్రయాణంలో కూడా వేషం విప్పకపోవడం. దీన్ని మన భాషలో ఏమంటారని అమ్మాయిలను అడిగితే, జగిత్యాల నుంచి వచ్చే ఒక బీడీ అక్క ఆలోచించకుండా చెప్పింది: "ఇంటి గుట్టు." తాగొచ్చి తన్నినా ముఖం కడుక్కుని చుట్టాల ముందు నవ్వుతూ చాయ పెట్టిన ఆడది ఎన్నేళ్లు కేఫేబ్ నడిపిందో ఆమెకు వేరే పాఠం అక్కర్లేదు.

ఇక ఆ గుట్టును ఆ కంపెనీ తానే ఎప్పుడు విప్పిందో చూడండి. 1989లో న్యూజెర్సీ రాష్ట్ర చట్టసభ ముందు, మాది క్రీడ కాదు, వినోదం అని ఒప్పుకుంది. సత్యం మీద ప్రేమ పుట్టి కాదు. క్రీడ అయితే ప్రభుత్వ కమిషన్ పర్యవేక్షణ ఉంటుంది, రుసుము ఉంటుంది. వినోదమైతే ఉండదు. అదే కంపెనీ అందులో పనిచేసేవాళ్లను ఉద్యోగులు అనదు, స్వతంత్ర కాంట్రాక్టర్లు అంటుంది. ఎక్కడ ఆడాలో, ఎప్పుడు ఆడాలో, ఏం తొడుక్కోవాలో, ఎవరి చేతిలో ఓడిపోవాలో కంపెనీయే చెబుతుంది. అయినా వాళ్లు స్వతంత్రులట.

ఈ భాగం ఒక అమ్మాయి తెలుగులో చెబుతుంటే ఇందాకటి బీడీ అక్క మధ్యలో ఆపింది.

"ఆమెకు కూలి ఎవలిస్తరు బిడ్డా? కంపెనోడా, టేకేదారా?"

"కంపెనీయే ఇస్తది. కానీ నౌకరి అని రాసుకోరు."

"పీఎఫ్?"

"లేదు."

"గట్లయితే మన లెక్కనే."

పుస్తకాల మీద వచ్చిన సమీక్షలు కొన్ని చదివాను. ఈ ప్రశ్న అడిగినవాళ్లు వాటిలో నాకు కనపడలేదు. బీడీ కంపెనీలు కూడా ఇదే వాదన చేశాయి కదా: ఆమె మా కార్మికురాలు కాదు, ఇంట్లో కూర్చుని తీరిక వేళల్లో చుట్టుకుంటుంది, మాకూ ఆమెకూ మధ్య టేకేదారు ఉన్నాడు అని. 1966లో బీడీ, సిగార్ కార్మికుల చట్టం వచ్చాక దాన్ని కొట్టేయాలని కోర్టుకు వెళ్లాయి. 1974లో సుప్రీంకోర్టు మంగళూరు గణేశ్ బీడీ కేసులో ఆ వాదన తోసిపుచ్చి, ఇంటి దగ్గర చుట్టే ఆమె కూడా కార్మికురాలే అన్నది. ఆ తీర్పు వచ్చి యాభై ఏళ్లు దాటినా గుర్తింపు కార్డు కోసం, పీఎఫ్ నంబరు కోసం మన అక్కలు ఇంకా తిరుగుతూనే ఉన్నారు. ఇచ్చిన తునికాకు వెయ్యి బీడీలకు చాలక సొంత డబ్బుతో ఆకు కొనుక్కుంటూనే ఉన్నారు. అయినా ఆ తీర్పు ఉంది కాబట్టి అడగగలుగుతున్నాం. ఆ అమెరికా కుస్తీవాళ్లకు అదీ లేదు. 1986లో జెస్సీ వెంచురా అనే ఆయన, తర్వాత మిన్నెసోటా రాష్ట్ర గవర్నర్ అయినాయన, తోటివాళ్లతో సంఘం పెడదామని మాట్లాడాడు. ఆ మాట పోయి యజమాని చెవిలో వేసింది వాళ్లందరిలోకీ పెద్ద తార హల్క్ హోగన్ అని ఏళ్ల తర్వాత కోర్టు వ్యవహారంలో బయటపడిందని ఆయన చెబుతూ వచ్చాడు. సంఘం పెట్టబోయినప్పుడు మాట చేరవేసే మనిషి ఖార్ఖానాలో ఎవరో మనకు కొత్తగా చెప్పనక్కర్లేదు.

మూలా పుస్తకం దగ్గర మాకు ఎక్కువ సమయం పట్టింది. ఆమె అసలు పేరు లిలియన్ ఎలిసన్. 1956లో ఆడవాళ్ల టైటిల్ గెలిచి, కంపెనీ లెక్క ప్రకారం ఇరవై ఎనిమిదేళ్లు దాన్ని వదలలేదు. ఆడవాళ్లకు కుస్తీ నేర్పింది, వాళ్లకు ఆటలు కుదిర్చింది. తన పుస్తకంలో తాను అందరికీ తల్లిలాంటిదాన్ని అన్నట్టు రాసుకుంది. కానీ ఆమె దగ్గర పనిచేసిన పలువురు ఆడవాళ్లు వేరే సంగతులు చెప్పారు. సంపాదనలో పెద్ద వాటా ఆమే కోసుకునేదని, ఆమె స్థలంలోనే ఉంచి అద్దె వసూలు చేసేదని, ఆట పెట్టించే మగవాళ్ల దగ్గరికి తమను పంపేదని. నల్లజాతి కుస్తీదారు స్వీట్ జార్జియా బ్రౌన్ పిల్లలు తమ తల్లికి జరిగిందిదీ అని 2006లో పత్రికకు చెప్పారు. మూలా 2007లో చనిపోయింది. అది అబద్ధమని ఆమెను వెనకేసుకొచ్చిన శిష్యురాళ్లూ ఉన్నారు. కోర్టులో ఏదీ తేలలేదు. 2018 మార్చిలో కంపెనీ తన ఏటి పెద్ద ఉత్సవంలో ఆడవాళ్ల పోటీకి మూలా పేరు పెట్టింది. అభిమానులు గోల చేశారు. చివరకు ప్రకటనలిచ్చే చాక్లెట్ కంపెనీ మొహం చిట్లించాకే మూడు రోజుల్లో పేరు తీసేసింది. నల్లజాతి ఆడమనిషి పిల్లలు పన్నెండేళ్ల కిందట చెప్పినప్పుడు వినిపించనిది, చాక్లెట్ అమ్మేవాళ్లు చెబితే మూడు రోజుల్లో వినిపించింది.

ఆడదే ఆడదాని దగ్గర కోత కోస్తే ఏమనాలి అని ఒక అమ్మాయి అడిగింది. మా అక్కల్లో ఇద్దరు నవ్వారు. వాళ్ల టేకేదారు కూడా ఆడమనిషేనట. ఆ నవ్వు గురించి మనం మాట్లాడం. 'మహిళలందరూ ఒక్కటే' అని నినాదం ఇస్తాం గనుక ఆడ టేకేదారు మన సాహిత్యంలో కనపడదు. మూలా పుస్తకాన్ని చదవమనేది అందుకే. మేలు చేశానని నమ్ముతూ ఇంకొకరి చెమట మీద బతికిన ఆడమనిషి తన గురించి తాను ఎలా చెప్పుకుంటుందో అందులో తెలుస్తుంది. అది చదివాక కొన్ని సంస్థల వార్షిక నివేదికలు నాకు గుర్తుకొచ్చాయి. ఏవని అడక్కండి. మాది కూడా వాటిలో ఉంది.

చైనా గురించి ఎక్కువ రాయను, ఆ పుస్తకం బాగాలేదు. అసలు పేరు జోన్ లారర్. కండలు పెంచి, మగవాళ్లతో తలపడి 1999లో మగవాళ్ల టైటిల్ ఒకటి గెలిచిన మొదటి ఆడది. పుస్తకం కంపెనీ అండదండలతోనే వచ్చింది, కాబట్టి అందులో కంపెనీ తప్పులు ఉండవు. అదే ఏడు ఆమె కంపెనీ నుంచి బయటపడింది. 2016లో నలభై ఆరేళ్లకే చనిపోయింది. యజమాని అచ్చేయించిన ఆత్మకథలో కార్మికురాలి మాట ఎంత మిగులుతుందో చూడటానికి అది పనికొస్తుంది. ఏజే లీ పుస్తకం మాత్రం ఆ అండ లేకుండా బయటికొచ్చాక రాసింది. బీదరికం, అమ్మ మానసిక అనారోగ్యం, తన మానసిక అనారోగ్యం, ఇల్లు లేక తిరిగిన రోజులు దాచకుండా రాసింది. 2015 ఫిబ్రవరిలో, సమాన వేతనం కోసం ఆస్కార్ వేదిక మీద మాట్లాడిన నటిని కంపెనీ యజమాని కూతురు మెచ్చుకుంటే, మరి మీ దగ్గర ఆడవాళ్లకు జీతంలోనూ టీవీ సమయంలోనూ మగవాళ్లకిచ్చేదాంట్లో ముక్కే కదా ఇస్తున్నారు అని అందరి ముందూ అడిగిన మనిషి ఈమే. అప్పటికి ఆ కంపెనీ ఆడవాళ్లను కుస్తీదారులు అని కూడా అనేది కాదు, దివాలు అనేది. 2016లో గాని ఆ పేరు మార్చలేదు. ఆ యజమాని విన్స్ మెక్‌మాన్ మీద 2024 జనవరిలో జానెల్ గ్రాంట్ అనే మాజీ ఉద్యోగిని లైంగిక దోపిడీ కేసు వేసింది. నోరు విప్పకుండా డబ్బిచ్చి సంతకం పెట్టించుకున్నారని ఆమె ఫిర్యాదు. ఆయన కాదంటున్నాడు, కానీ పదవి వదిలాడు. కేఫేబ్ కాగితం మీద రాస్తే ఇట్లా ఉంటుంది.

రాయని ఆమె గురించి ఒక మాట. ఆదిలాబాద్ జిల్లా మహారాష్ట్ర సరిహద్దు ఊళ్లలో జాతరలప్పుడు కుస్తీలు పెడతారు. పిల్లల జోడీకి కొబ్బరికాయతో మొదలై, చివరి జోడీకి వెండి కడియం దాకా పోతుంది. ముప్పై ఏళ్ల కింద మేం జాతరల్లో సారా వ్యతిరేక ప్రచారానికి పోయినప్పుడు ఆ బరి దగ్గరికి ఆడవాళ్లను రానిచ్చేవాళ్లు కాదు, దూరంగా బండ్ల మీద నిలబడి చూసేవాళ్లం. అప్పుడు నాకు హమీదా బాను పేరు తెలియదు. 1940ల నుంచే ఆమె మగ పహిల్వాన్లను బరిలోకి పిలిచి ఓడించింది. నన్ను ఓడించినవాణ్ణి పెళ్లి చేసుకుంటానని సవాలు చేసింది. 1954లో బరోడాలో బాబా పహిల్వాన్‌ను నిమిషంన్నరలో పడగొట్టింది. యూరప్ పోతానంటే, ఆమెకు నేర్పి ఆమెతో ఉన్న పహిల్వానే పోకుండా చేతులు కాళ్లు విరగ్గొట్టాడని ఆమె కుటుంబంవాళ్లు చెబుతారు. చివరి రోజుల్లో ముంబయి దగ్గర కల్యాణ్‌లో పాలు, చిరుతిళ్లు అమ్ముకుని బతికింది. మన కోడి రామ్మూర్తి నాయుడు గారు గుండెల మీద ఏనుగును ఎక్కించుకున్న కథలు బడిపిల్లలకు కూడా తెలుసు. ఏ మగవాడి చెయ్యీ ఓడించలేని మనిషిని ఇంట్లో మగవాడు ఎట్లా ఓడించాడో హమీదా బాను నోటి నుంచి వినే అవకాశం ఎవరికీ లేకుండా పోయింది. ఆమె 1986లో చనిపోయింది. అదే ఏడు మన దగ్గర స్త్రీశక్తి సంఘటన 'మనకు తెలియని మన చరిత్ర' తెచ్చింది. తెలంగాణ పోరాటంలో తుపాకి పట్టిన ఆడవాళ్ల దగ్గర కూర్చుని, పోరాటం ఎంత గొప్పదో దానితో పాటు పార్టీ తమను తర్వాత వంటింటికి ఎట్లా పంపిందో కూడా రాసుకొచ్చారు. మనకు ఆ చదువు అబ్బింది అక్కణ్ణుంచే. మరి ఎప్పుడు మరిచిపోయాం?

సాక్షి మాలిక్ పుస్తకం పేరు ఇంగ్లీషులో 'విట్‌నెస్'. తెలుగులోకి మార్చే పనే లేదు, ఆమె పేరే అది. తండ్రి బస్సు కండక్టరు, తల్లి అంగన్‌వాడీలో పనిచేసింది. ఇది చదివినప్పుడు మా టీచరమ్మలు సర్దుకుని కూర్చున్నారు. 2016 రియోలో కుస్తీలో ఒలింపిక్ పతకం తెచ్చిన మొదటి భారతీయ మహిళ. ఇక్కడిదాకా అందరికీ తెలిసిన కథే. పాఠ్యపుస్తకాల్లో, బ్యాంకు ప్రకటనల్లో సరిగ్గా ఇక్కడిదాకే ఉంటుంది. పుస్తకంలో తర్వాతిది ఉంది. చిన్నప్పుడు ట్యూషన్ మాస్టరు వేధించాడని, తప్పు తనదేమో అనుకుని ఇంట్లో చెప్పలేదని రాసింది. 2012లో ఆల్మటీకి జూనియర్ పోటీలకు పోయినప్పుడు కుస్తీ సమాఖ్య అధ్యక్షుడు బ్రిజ్‌భూషణ్ శరణ్ సింగ్ హోటల్ గదిలో తన మీద చెయ్యి వేశాడని, తోసేసి ఏడుస్తూ బయటికి వచ్చానని రాసింది. ఆయన ఆరోపణలన్నీ అబద్ధమంటున్నాడు.

ఒక క్రీడాకారిణి పదకొండేళ్లు ఎందుకు చెప్పలేదు అని టీవీలో అడిగినవాళ్లున్నారు. ఎవరికి చెప్పాలి? పోటీకి ఎవరు పోవాలో నిర్ణయించే సమాఖ్యకు అధ్యక్షుడు ఆయనే. చట్టం ప్రకారం ఉండవలసిన ఫిర్యాదుల కమిటీ ఆ సమాఖ్యలో లేదు. 2023 జనవరి 18న జంతర్‌మంతర్ దగ్గర కూర్చున్నారు, కమిటీ వేస్తామంటే లేచారు. ఆ కమిటీ నివేదిక బయటపెట్టలేదు. ఏప్రిల్ 23న మళ్లీ కూర్చున్నారు. సుప్రీంకోర్టు తలుపు తట్టాకే 28న ఎఫ్ఐఆర్ అయింది. కొత్త పార్లమెంటు ప్రారంభమైన మే 28నాడు ఒలింపిక్ పతకాలు తెచ్చినవాళ్లను పోలీసులు రోడ్డు మీద ఈడ్చారు. ఆ ఏడు డిసెంబర్ 21న ఆయన మనిషే సమాఖ్యకు ఎన్నికైతే సాక్షి తన బూట్లు బల్ల మీద పెట్టి కుస్తీ మానేసింది. 2024 మేలో కోర్టు ఆయన మీద అభియోగాలు నమోదు చేసింది. అదే ఎన్నికల్లో పార్టీ టికెట్ ఆయన కొడుకుకు దక్కింది, కొడుకు గెలిచాడు. మైనర్ అమ్మాయి పేరున ఉన్న కేసును 2025 మేలో మూసేశారు.

నాకు ఆ పుస్తకంలో అన్నిటికన్నా విలువైనదిగా తోచింది ఇంకో చోటు. తనతో పాటు రోడ్డు మీద పడుకున్న వినేశ్ ఫోగాట్, బజరంగ్ పునియా ఆసియా క్రీడల ఎంపిక పోటీ లేకుండానే చోటు ఒప్పుకోవడం ఉద్యమానికి దెబ్బ అయిందని కూడా సాక్షి రాసింది. వాళ్లకు నచ్చలేదు. ఇప్పుడు ఎందుకు రాయాలి, శత్రువుకు ఆయుధం ఇచ్చినట్టు కాదా అని చాలామంది అన్నారు. ఈ మాట మనం మన సమావేశాల్లో ఎన్నిసార్లు విన్నాం! సారా ఉద్యమం అప్పుడు విన్నాం, సంఘాల్లో మగ నాయకుల ప్రవర్తన గురించి అడిగినప్పుడు విన్నాం. ఇది సమయం కాదు అంటారు. సాక్షి చెప్పినదానితో ఏకీభవించాలని నేననను. వినేశ్ వాదన కూడా వినాలి. కానీ సొంత మనుషుల గురించి రాసి కూడా ఉద్యమం పక్షాన నిలబడవచ్చునని ముప్పై రెండేళ్ల అమ్మాయి చూపించింది, మనం డెబ్బైలకు దగ్గరపడుతూ ఇంకా గుటకలు మింగుతున్నాం.

ఇక మా సంగతి. చెప్పకుండా దాటేయవచ్చు, కానీ అప్పుడు ఈ వ్యాసం రాసే హక్కు నాకుండదు.

పదిహేనేళ్ల కిందట మా సంస్థ 'విజయగాథలు' పేరుతో ఒక పుస్తకం వేసింది. డబ్బిచ్చిన వాళ్లు అడిగారు, వేశాం. అందులో ఆదిలాబాద్ వైపు ఒక అమ్మాయి కథ ఉంది. హాస్టల్లో చదువుకుంటూ కబడ్డీలో రాష్ట్ర స్థాయి దాకా పోయింది. నేనే ఆమెతో కూర్చుని టేపు చేసి రాశాను. ఆట నేర్పే మనిషి ఏం చేసేవాడో, వార్డెనుకు చెబితే ఆమె ఏమన్నదో, ప్రయాణపు భత్యం కాగితాల మీద ఎంత ఉండి చేతికి ఎంత వచ్చేదో అన్నీ చెప్పింది. అచ్చుకు పంపే ముందు ఆ రెండు పేరాలూ కొట్టేసింది నేనే. కథ ఆశావహంగా ఉండాలని మార్గదర్శకాల్లో ఉంది. పైగా ఆ హాస్టళ్లలో మా కార్యక్రమాలు నడవాలంటే అధికారుల అనుమతి కావాలి.

పుస్తకం చేతికి వచ్చాక ఆమె ఆఫీసుకు వచ్చింది. కోపంగా కూడా లేదు. "అక్కా, గిది నా కథనే గని, నేను చెప్పింది గిండ్ల లేదు" అన్నది.

గోప్యత కోసం తీసేశానని చెప్పాను. ఇప్పటికీ కొందరు మిత్రులు అదే సమాధానం ఇస్తారు. వేధింపుకు గురైన ఆమె పేరు అచ్చేయకూడదని చట్టం చెబుతుంది, అది మంచి చట్టమే. కానీ మేం దాచింది ఆమె పేరును కాదు. ఆమె పేరూ, ఊరూ, ఫొటో అట్ట మీద వేశాం. దాచింది వాడు చేసిన పనిని. చైనా పుస్తకాన్ని కంపెనీ ఎట్లా వేసిందో మేమూ అట్లాగే వేశాం. మా కేఫేబ్‌కు పేరు 'స్ఫూర్తి'.

ఇది పాత తప్పు కదా, ఇప్పుడెందుకు అంటే, హాస్టళ్లూ క్రీడా పాఠశాలలూ ఎక్కడికీ పోలేదు. హకీంపేటతో పాటు కరీంనగర్‌లో, ఆదిలాబాద్‌లో క్రీడా పాఠశాలలు ఉన్నాయి, మన పిల్లలు అందులో ఉన్నారు. 2023 ఆగస్టులో హకీంపేటలో అమ్మాయిల మీద వేధింపుల ఆరోపణలు పత్రికలకెక్కితే గాని ప్రభుత్వం ఒక అధికారిని సస్పెండ్ చేయలేదు. ఢిల్లీలో కుస్తీ పిల్లలు రోడ్డు మీద కూర్చున్న ఏడే అది. 2013 చట్టంలో పనిచేసే చోటు అంటే స్టేడియం, శిక్షణ కేంద్రం, వాటి వసతి గృహం కూడా అని స్పష్టంగా రాసి ఉంది. కరీంనగర్ అంబేద్కర్ స్టేడియంలోనైనా, ఆదిలాబాద్ ఇందిరా ప్రియదర్శిని స్టేడియంలోనైనా పొద్దున్నే పరుగెత్తే అమ్మాయికి ఫిర్యాదు ఎవరికివ్వాలో, కలెక్టరు వేసిన స్థానిక కమిటీలో ఎవరున్నారో తెలుసా? మనలో ఎంతమందికి తెలుసు? ఆ కమిటీల్లో స్వచ్ఛంద సంస్థల తరఫున కూర్చునేది మనమే కదా.

కాబట్టి మిత్రురాలికి నా జవాబు ఇది. ఈ పుస్తకాలు కుస్తీ కోసం చదవమనడం లేదు. ఎవరు ఎంత ఇచ్చారు, ఎవరు ఎంత కోసుకున్నారు, ఎవరు చెయ్యి వేశారు, ఎవరికి చెబితే ఏమన్నారు, ఈ నాలుగూ ఉన్న పుస్తకమేది, లేని పుస్తకమేది అని వేరు చేయడం నేర్చుకోవడానికి చదవమంటున్నాను. మన బీడీ అక్కకు ఆ చదువు ముందే వచ్చు. రానిది మనకు. మన నివేదికల్లో, ఈ పత్రికలో కూడా, 'జీవితానుభవాలు' శీర్షిక కింద వచ్చే కథలను అదే గీటురాయి మీద పెట్టాలి. వాళ్ల కథ రాసే కలం మన చేతిలో ఉన్నంత కాలం మనమూ టేకేదార్లమే. వెయ్యికి ఎంత కోస్తున్నామో చెప్పి తీరాలి.

ఆ అమ్మాయి ఇప్పుడు మంచిర్యాలలో ఉంటుంది, ఇద్దరు పిల్లలు. పోయిన నెల ఫోన్ చేశాను. మళ్లీ చెబుతావా, ఈసారి ఏదీ కొట్టేయను అన్నాను. చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత రెండు షరతులు పెట్టింది. టేపు ఆమె ఫోన్‌లోనే ఉంటుంది, నా దగ్గర కాదు. అచ్చుకు పోయే ముందు ప్రూఫులు ఆమె చూస్తుంది, ఫొటో ఉండదు, పేరు పెట్టాలా వద్దా అప్పుడు చెబుతుంది.

"భత్యం కాయితాలు గూడ దాసిపెట్టిన అక్కా" అన్నది. "అప్పుడు నువ్వు అడగలే."